బెరిబెరి నుండి మధుమేహము వరకు

ఉత్తర సర్కారులలో కుంపిణీ సిపాయిలను పీడించిన ఒక వ్యాధిని గూర్చి జాన్ గ్రాంట్ మాల్కంసన్ అను వైద్యుడు 1835లో మద్రాసున ఒక గ్రంథము ప్రకటించెను. ఆ వ్యాధి బెరిబెరి. మొదట కాళ్లు తిమ్మిరెక్కును, పిదప వాచును, అడుగు తడబడును, తుదకు గుండె అలసి మనిషి కూలిపోవును. నేడు ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల ప్రజలు వైద్యుని గుమ్మమున కూర్చుండునది ఈ వ్యాధికై కాదు. చక్కెర వ్యాధికి, రక్తపు పోటుకు, గుండె నొప్పికి. ఐనను నాటి వ్యాధికిని నేటి వ్యాధులకును సంబంధము కలదు. అది మన విస్తరిలోని అన్నమునందే కలదు.

మాల్కంసన్‌కు కారణము చిక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దము చివర జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవుటయు, తవుడు కలిపి పెట్టినచో అవి లేచి తిరుగుటయు చూచెను. మన దేశమున రాబర్ట్ మెకారిసన్ 1918లో కూనూరు పాశ్చర్ సంస్థలోని ఒకే ఒక గదిలో బెరిబెరి విచారణ ప్రారంభించెను. ఆ గదియే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. మెకారిసన్ తరువాత కూనూరులో పనిచేసిన అయిక్రాయిడ్ బృందము సర్కారు జిల్లాలకే ఈ వ్యాధి ఎందుకు పట్టినదో వివరించినది. తమిళులు ఎక్కువగా తినునది ఉప్పుడు బియ్యము. ధాన్యమును ఉడికించునపుడు తవుడులోని బి విటమిను గింజలోనికి దిగును. పిదప మరపట్టినను పూర్తిగా పోదు. మనవారికి ఉప్పుడు బియ్యము రుచింపదు. పచ్చి ధాన్యమునే ఆడించి, తెల్లగా చేయించి, మూడు నాలుగు నీళ్లు కడిగి, గంజి వార్చి తినిరి. ఉన్న కాస్త విటమిను గంజితో పోయినది.

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. గోదావరి నీరు కాలువల వెంట ఏలూరు దాక వచ్చి కృష్ణ కాలువతో కలిసినది. చోడి అంబలి, జొన్నన్నము తిను ఇండ్లలో వరియన్నము గౌరవచిహ్నమైనది. తరువాత మరలు వచ్చినవి. తాడేపల్లిగూడెము బియ్యపు వర్తకమునకు పేరుపడినది. రోకలిపోటు వినబడుట మానినది. దంపుడు బియ్యము శ్రేష్ఠమని పురుషులు ఉపన్యసించుట సులభము. తెల్లవారుజామున లేచి దంచినవారు వారు కారు. ఆహారమున పప్పు, కూర, పాలు కొంత పెరిగిన కొలది బెరిబెరి తొలగిపోయినది. తెల్లబియ్యము మాత్రము తొలగలేదు.

దొరల కాలమున ఎవరు ఏ వ్యాధిచే మరణించిరో తెలిసికొనుట కష్టము. గ్రామ మునసబు మరణముల రిజిస్టరులో చాలమందికి 'జ్వరము' అని వ్రాసి ఊరకుండెడివాడు. సరియైన లెక్క చాల కాలమునకు గాని రాలేదు. 2003 అక్టోబరు మొదలు ఒక సంవత్సరము పాటు, ఉభయ గోదావరి జిల్లాలలో 45 గ్రామములందు, 1,80,162 మంది జనాభాలో సంభవించిన ప్రతి మరణమును నమోదు చేసిరి. శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, పోయినవారి కడపటి దినముల లక్షణములను బంధువుల నడిగి వ్రాసికొనగా, వైద్యులు వానిని చదివి కారణము నిర్ణయించిరి. మొత్తము మరణములు 1,354. నూటికి 32 గుండె, రక్తనాళముల వ్యాధులవలన. అందు గుండెపోటును పక్షవాతమును ఇంచుమించు సరిసమానము. అంటువ్యాధులవలన సంభవించినవి నూటికి 12 మాత్రమే. నగరవాసుల రోగములని మనము తలచినవి పంటపొలముల నడుమనే ప్రథమ స్థానమున కూర్చున్నవి. అదే పథకము క్రింద 20 గ్రామములలో 30 ఏండ్లు దాటినవారి రక్తము పరీక్షింపగా నూటికి 13 మందికి మధుమేహము కనబడినది.

ఇది వంశమునుండి వచ్చినదా, నడవడినుండి వచ్చినదా? 'మా నాయనకు ఉన్నది, నాకును వచ్చినది' అనుట మనలో పరిపాటి. అందు సత్యము లేకపోలేదు. కాని వంశపారంపర్యము ఒకే విధమైనది కాదు. తాడేపల్లిగూడెమునకు అనతిదూరమునగల పెనుగొండ వైశ్యులకు పవిత్రస్థలము. ఆ సమాజము వందకు పైగా తరములు తనలో తాను వివాహములు చేసికొన్నదని హైదరాబాదు సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన 2009లో తెలిపినది. శస్త్రచికిత్సలో కండరములను సడలించుటకిచ్చు ఒక మందును విరుగగొట్టు ఎంజైము ఆ సమాజమున కొందరికి లోపించును; అట్టివారికి ఊపిరి తిరిగి వచ్చుటకు చాలసేపు పట్టును. ఇది ఒకే జన్యువు చేయు పని. అదే సంవత్సరము ఆ కేంద్రమువారే మరియొకటి కనుగొనిరి. గుండె కండరమునకు సంబంధించిన ఒక జన్యువులో 25 అక్షరముల లోపము మన దేశమున నూటికి నలుగురిలో కలదు. అది నడివయసు దాటిన పిదప గుండెను బలహీనపరచవచ్చును. మధుమేహము ఇట్టిది కాదు. 2007లో అక్కడి పరిశోధకులే భారతీయులందు దానితో సంబంధముగల టి.సి.ఎఫ్.7ఎల్2 అను జన్యువును నిర్ధారించిరి. అట్టివి పెక్కు కలవు. ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా ప్రమాదమును పెంచునే గాని ఏదియు ఒంటరిగా రోగమును తేజాలదు.

మూడు తరములలో జన్యువులు మారవు. బెరిబెరి ఎరిగిన తాతకును, చక్కెర మాత్రలు మ్రింగు మనుమనికిని అవి అవే. మారినది తక్కినది. కొల్లేటి వడ్డివారు తాటిదోనెలు తోయుచు వల విసరిన సరస్సులో 1980 దశకమునుండి చేపలచెరువులు వ్యాపించినవి. 2006లో ప్రభుత్వము చాల గట్లను త్రెంచినది. చెరువు చేప మంచుగడ్డల నడుమ లారీలెక్కి కలకత్తా పోవుచున్నది. దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, పక్కవీధికి మోటారు సైకిలు వచ్చినవి. అన్నపు ముద్ద మాత్రము దుక్కి దున్నినవాని ముద్దయే. దానికి తోడు ఉప్పు: 2017లో ప్రకటింపబడిన ఒక పరిశీలన ప్రకారము ఆంధ్రప్రదేశమున మనిషి దినమునకు సుమారు తొమ్మిదిన్నర గ్రాములు తినుచున్నాడు, ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది ఐదు గ్రాములలోపు. ఆవకాయను, ఊరుమిరపకాయను, ఎండుచేపను ఎరిగినవారికి ఈ అంకె ఆశ్చర్యము కలిగింపదు. పొగాకు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. లంక పొగాకు పండిన గడ్డ ఇది.

మరి ఏమి చేయవలెను? ఉభయ గోదావరి జిల్లాలలోనే 44 గ్రామములలో జరిగిన ప్రయోగము 2012లో ప్రకటింపబడినది. కొన్ని గ్రామములలో ఆరోగ్యప్రచారము చేసిరి. కొన్నింట వైద్యులు కాని ఆరోగ్యకార్యకర్తలకు నియమావళి ఇచ్చి, ఎవరికి గుండెజబ్బు ప్రమాదము హెచ్చుగ నున్నదో గుర్తింపుమనిరి. కార్యకర్తలు మునుపటికంటె ఎక్కువమందిని గుర్తించిరి. ప్రచారమువలన ప్రజల తెలివిడిలో చెప్పదగిన మార్పు కానరాలేదు. రేడియోలో మాటలాడువారికి ఇది కొంచెము చేదు. పిదప పశ్చిమ గోదావరిలో 54 గ్రామముల ఆశా కార్యకర్తలకు లెక్కకట్టి చెప్పు పలక యంత్రములనిచ్చి చూచిరి. ప్రమాదమున ఉన్నవారు బయటపడిరి. కాని పోటు అదుపునకు వచ్చినవారి సంఖ్యలో 2019 నివేదిక గట్టి భేదము చూపలేదు. ఆశా గుర్తించుటకును, మాత్ర ప్రతిదినము నోట పడుటకును నడుమ ప్రాథమిక ఆరోగ్యకేంద్రము కలదు, వైద్యుడు కలడు, మందుల అలమర కలదు, కోతల నాడు కూలి మానుకొని అంతదూరము పోవలసిన మనిషి కలడు.