మిద్దె దూలమునకు మలిజన్మము

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమైనను నమ్మకముగా కురియని అనంతపురపు పీఠభూమిపై కలప యేనాడును సులభవస్తువు గాలేదు. అందుచేతనే ఇచట పాత మిద్దెను విప్పునప్పుడు దూలములను, దంతెలను, కంబములను చెదరనీయక దింపి, మంచములుగను పెట్టెలుగను బల్లలుగను మార్చుకొనుట గృహధర్మమై నిలిచినది.

ఆ ధర్మము బలపడుటకు చరిత్రయు కొంత కారణము. మదరాసునుండి బయలుదేరిన ఇనుపదారి గుత్తి, గుంతకల్లుల మీదుగా సాగి 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గముతో కలిసినది. స్లీపర్లకును ఇంజన్ల వంటచెఱకునకును దక్షిణదేశపు వనములు తరిగిపోవునని మదరాసు రాజధాని తొలి అటవీ సంరక్షకుడు హ్యూ క్లెగ్‌హార్న్ అంతకు పూర్వమే, 1861 నాటి తన గ్రంథమున, ఆందోళన వెలిబుచ్చియుండెను. 1882లో అనంతపురము బళ్లారినుండి విడివడి ప్రత్యేక జిల్లా యైనది; ఆ యేటనే మదరాసు అటవీ చట్టమును వచ్చినది. రిజర్వు అడవిలోని మ్రాను రైతుకు దూరమైనకొలది ఇంటి దూలమునకు విలువ హెచ్చెను.

అయినను పాత కలపను లేమికి గుర్తుగా తలంచుట న్యాయము గాదు. పచ్చికఱ్ఱ ఈ యెండగాలికి తేమను కోల్పోవుచు వంకరపోవును, నెఱ్ఱెలు వాఱును. ఏండ్లతరబడి చౌడుమట్టి కప్పును మోసిన వేపదూలమో, నారయేపి కంబమో ముడుచుకొనవలసినంత ముడుచుకొని నిలుకడ చెందియుండును.

అట్టి దూలమును వడ్రంగి పరీక్షించు తీరు చూడదగినది. బాడిస వెనుకభాగముతో ఈ చివరనుండి ఆ చివరకు తట్టుచు పోయి, డొల్లధ్వని వినవచ్చినచోట బొగ్గుతో గీత గీయును. అది చెదలు తిన్న భాగము. మేకు దిగినచోట కఱ్ఱలోని వగరు ఇనుముతో కలిసి నల్లని మరక పుట్టించును. ఆ మరక జాడనుబట్టి లోపల విఱిగియున్న మేకును పెకలించినగాని అతడు రంపము పెట్టడు, పెట్టినచో రంపపు పండ్లు పోవును. పిమ్మట చిత్రిక పట్టగా పొగచూరిన పొర తొలగి కఱ్ఱ సహజవర్ణము వెలువడును.

రైలుదారులనుండి తొలగించిన కొయ్యస్లీపర్లతో బల్లలు చేయువారును కలరు. వానిలో పెక్కింటికి క్రియోసోటు పట్టించియుందురు. బిడ్డ పరుండు మంచమునకును, ధాన్యముంచు పెట్టెకును అవి ఎంతమాత్రము తగవు.

నేడు సిమెంటు స్లాబులకై మిద్దెలు కూల్చువారు ఆ దూలములను పొయ్యిపాలు చేయక ఊరి వడ్రంగికి చూపవలెనని నా ప్రార్థన. నేర్పరియైనవాడు పాత బెజ్జమును పూడ్చడు. దానిని సరిచేసి, అందే క్రొత్త కాలిని బిగించి, ఒక్క మేకైనను లేకుండ బల్లను నిలబెట్టును.