ధారణ: యోగశాస్త్రమున ఏకాగ్రతాసాధన చరిత్ర

ఏకాగ్రత కుదురుటకై విద్యార్థులు యోగాసనములు అభ్యసింపవలెనని నేడు పలుతావుల బోధించుచున్నారు. ఈ బోధ శాస్త్రమునందే కలదా, లేక కాలక్రమమున ఏర్పడినదా అను ప్రశ్న విచారింపదగినది. ఆసనమునకును ఏకాగ్రతకును గల సంబంధమును శాస్త్రగ్రంథములు ఎట్లు నిరూపించినవో ఈ వ్యాసమున పరిశీలింతుము.

పాతంజల యోగసూత్రములును, వానిపై వ్యాసభాష్యమును క్రీ.శ. 400 ప్రాంతమున రూపొందినవని ఇటీవలి పరిశోధకులు పలువురు తలచుచున్నారు. భాష్యపాఠము ననుసరించి సూత్రములు 195. అందు ఆసనమును లక్షించి చెప్పినవి 3 మాత్రమే. ఆసనము స్థిరమై సుఖకరమై యుండవలెననియు, అది సిద్ధించినవానిని శీతోష్ణాది ద్వంద్వములు బాధింపవనియు సూత్రకారుని మతము. మనస్సునకు ధారణాయోగ్యత కలుగుటను అతడు ఆసనఫలముగా గాక ప్రాణాయామఫలముగా చెప్పెను. ఆసనము సిద్ధించిన పిదపనే ప్రాణాయామము గనుక, ఏకాగ్రతకు ఆసనము పరంపరాకారణమే గాని సాక్షాత్కారణము గాదు.

ధారణ యనగా చిత్తమును ఒక్కచోట నిలుపుట. నాభిచక్రము, హృదయపద్మము, నాసికాగ్రము మొదలగువానిని భాష్యకారుడు ఇందులకు ఉదాహరించెను. అతడే చిత్తమునకు క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము అని 5 భూములను చెప్పి, విక్షిప్తచిత్తమున అప్పుడప్పుడు కలుగు నిలుకడ యోగకోటిలో చేరదని నిర్ణయించెను. అహింస, సత్యము మొదలగు యమములను ముందుంచి, ధారణను ఆఱవ యంగముగా నిలుపుటలోని యౌచిత్యము దీనివలన తెలియుచున్నది. నడవడి చక్కబడనిదే నిలుకడ నిలువదని శాస్త్రహృదయము.

క్రీ.శ. 15వ శతాబ్దికి చెందిన హఠప్రదీపికలో క్రమము మాఱినది. స్వాత్మారాముడు ఆసనమునే ప్రథమాంగముగా గ్రహించి, 15 ఆసనములను వర్ణించెను. నేడు ఏకాగ్రతకై విరివిగా నేర్పు త్రాటకము ఈ గ్రంథమున షట్కర్మములలో ఒకటి. కన్నీరు వచ్చువఱకు సూక్ష్మలక్ష్యమును చూచుట నేత్రరోగములను, తంద్రను పోగొట్టునని మాత్రమే అచట చెప్పబడినది. ఏకాగ్రత దాని ఫలముగా పేర్కొనబడలేదు.

ఆ శతాబ్దిననే పోతన తెలుగు భాగవతమున, తృతీయస్కంధమందు, కపిలుడు దేవహూతికి యోగము నుపదేశించు ఘట్టము కలదు. అందు ధారణకు ఆలంబనము హరి దివ్యరూపము. పాదములు మొదలుకొని ఒక్కొక్క యవయవమున మనస్సును నిలుపుట అచటి విధానము. ఇట్లు యోగాంగము భక్త్యంగమైనది. ధారణాశబ్దము తెలుగునాట మఱియొక యర్థమును కూడ పొందినది. అవధానాంతమున అవధాని తాను పూరించిన పద్యములనన్నింటిని ఒప్పగించుట ధారణ. యోగికి ధారణ ఒక్కదానియందు చిత్తమును కట్టుట. అవధానికి అనేకములను చిత్తమున కట్టియుంచుట. తిరుపతి వేంకట కవుల శతావధానములచే ఈ యర్థమే తెలుగువారికి మిక్కిలి పరిచితమైనది.

ఆధునికకాలమున వివేకానందస్వామి 1896లో ప్రకటించిన రాజయోగగ్రంథము ఏకాగ్రతను సర్వవిద్యాసాధనముగా లోకమునకు పరిచయము చేసినది. 1924లో కువలయానందస్వామి లోనావళాలో కైవల్యధామమును స్థాపించి, యోగక్రియలను ప్రయోగశాలలో పరీక్షింప నారంభించెను. 1933లో మైసూరు రాజాశ్రయమున కృష్ణమాచార్యులు నెలకొల్పిన యోగశాల ఆసనాభ్యాసమునకు ప్రాధాన్యము నిచ్చినది. 2015లో గోథే, మెకాలే అను పరిశోధకులు పూర్వపరీక్షలను క్రోడీకరించి, యోగాభ్యాసమువలన అవధానశక్తికి కొంత మేలు కనబడుచున్నదని తెలిపిరి. ఆ పరీక్షలలో పాల్గొన్నవారు కొలదిమందియే యగుటచే ఫలితమును జాగ్రత్తగా గ్రహింపవలెననియు హెచ్చరించిరి.

కావున ఆసనమువలన నేరుగా ఏకాగ్రత కలుగునను బోధ సూత్రకారునిది కాదు. అట్లని నేటి యభ్యాసము యోగమే కాదని త్రోసివేయుటయు తగదు. హఠప్రదీపికాకారుడు మొదలుకొని ప్రతి తరమువారును ఈ శాస్త్రమును తమ యవసరముల కనుగుణముగా సవరించుకొనుచునే వచ్చిరి. అయినను ఒక్క విషయమున ప్రాచీనుల మాటను విస్మరింపరాదని మా యభిప్రాయము. వారు ఏకాగ్రతను పరీక్షలలో గెలుచుటకు ఉపాయముగా గాక, నడవడి, శ్వాస, ఇంద్రియములు వరుసగా చక్కబడిన పిదప లభించు ఫలముగా భావించిరి. తొలిమెట్లను విడిచి ఆఱవ మెట్టును మాత్రమే కోరువారికి విక్షిప్తచిత్తపు క్షణికమైన నిలుకడయే మిగులును.