బడి చదువు, రేపటి జనసంఖ్య

ప్రజలను లెక్కించుట మన దేశమున ప్రాచీనమైన విద్య. ‘గోపు’డను అధికారి తన గ్రామములలోని యిండ్లను, అందలి జనులను, వారి వృత్తులను లెక్క వ్రాయవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఇంకను పుట్టనివారిని లెక్కించుట మాత్రము ఈ మధ్యకాలపు విద్య. 1895లో ఎడ్విన్ కానన్ అను ఆంగ్ల ఆర్థికశాస్త్రజ్ఞుడు ఇంగ్లండు, వేల్సు ప్రజలను వయస్సును బట్టి వర్గములుగా విభజించి, ఒక్కొక్క వర్గమును క్రమముగా ముందునకు నడిపించి, రాబోవు జనసంఖ్యను అంచనా కట్టెను. నేడు ఐదేండ్ల పిల్ల, మృత్యువు వాత పడకున్నచో, పదేండ్లకు పదునైదేండ్లది యగును. పిమ్మట తల్లి యగును. నేటి జనాభా అంచనాలకును ఈ సులభమైన సూత్రమే మూలము.

ఈ లెక్కలో మనుష్యునకు వయస్సు, స్త్రీపురుష భేదము తప్ప వేరొక గుర్తు లేకుండెను. ఆస్ట్రియాలో వియన్నా నగరమునకు సమీపమున, లాక్సెన్‌బర్గులో 1972లో నెలకొల్పబడిన అంతర్జాతీయ పరిశోధన సంస్థలో ఈ లోపమును తీర్చు ప్రయత్నము జరిగెను. వలసపోవు జనులను ప్రాంతములవారీగా లెక్కించు గణితమును ఆండ్రై రోజర్స్ అక్కడ పెంపొందించెను. వోల్ఫ్‌గాంగ్ లుట్జ్, ఆయన సహచరులు దానిని చదువునకు వర్తింపజేసిరి. జనులు ఊరు మారినట్లే బాలిక ప్రాథమిక విద్యనుండి మాధ్యమిక విద్యకు పోవును. అయితే చదువులో తిరుగు ప్రయాణము లేదు. ఇరువదియైదేండ్లు నిండునప్పటికి ఎంత చదివిరో, చాలమందికి జీవితాంతము అంతే. కావున నేటి యువతుల చదువు తెలిసినచో, నలువదియేండ్ల తరువాతి వృద్ధురాండ్ర చదువును చాలవరకు చెప్పవచ్చును. చదువు జననములను గూడ మార్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, బడికి పోని స్త్రీలకు సగటు సంతానము 2.8, పండ్రెండేండ్లు, అంతకు మించి చదివినవారికి 1.8.

ఇట్టి లెక్కలో భారత చీనా దేశములను పక్కపక్కన నిలిపి చూచుట ఉపయుక్తము. 1951లో మన జనసంఖ్య 36 కోట్లు. అక్షరాస్యులు నూటికి 18 మంది, స్త్రీలలో 9 మందియే. 1953లో చీనా జనసంఖ్య 58 కోట్లు. అచ్చటను అత్యధికులు నిరక్షరులే. ప్రారంభమున రెండు దేశములకును గొప్ప భేదము లేదు. చీనా ప్రభుత్వము పల్లెలలో ప్రాథమిక పాఠశాలలపైనను, వయోజనుల అక్షరాభ్యాసముపైనను శక్తిని కేంద్రీకరించెను. 1966 తరువాత అచ్చటి కళాశాలలు ఏండ్ల తరబడి మూతపడినను, పల్లెబడుల విస్తరణ ఆగలేదు. 1982 నాటికి ఆ దేశమున పదునైదేండ్లు దాటినవారిలో సుమారు మూడింట రెండువంతులు అక్షరాస్యులైరి. మన దేశమున 1981లో ఏడేండ్లు దాటినవారిలో అక్షరాస్యులు నూటికి 44 మంది. స్త్రీలలో 30 మంది.

చీనాలో 1970 ప్రాంతమున ఒక్కొక్క స్త్రీకి ఆరుగురికి సమీపముననున్న సంతానము, 1979 నాటికి ముగ్గురి లోపునకు దిగెను. దానిలో ప్రభుత్వపు ఒత్తిడి పాలును కలదు. అయినను, ఒక్క బిడ్డ నియమము దేశమంతట ప్రకటింపబడినది 1980లో, అనగా ఈ తగ్గుదల చాలవరకు జరిగిన పిమ్మటనే. 2022లో చీనా జనసంఖ్య తగ్గ మొదలిడెను. ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారము 2023లో భారతదేశము దానిని మించెను.

మొత్తపు సంఖ్యలు ఇంతవరకే చెప్పును. చదువుల పట్టిక వేరొక విషయము చూపును. చీనాలో బడికి పోనివారు ముఖ్యముగా కడు వృద్ధులు. కాలక్రమమున ఆ వర్గము త్వరగా అంతరించును. మన దేశమున ఆ వర్గము నడివయస్సు స్త్రీలవరకు వ్యాపించియున్నది. నేటి బాలికలందరును బడిలో నున్నను, ఆ తల్లులు మన జనసంఖ్యలో ఇంకను అనేక దశాబ్దము లుందురు.

చదువొక్కటే సర్వకారణమని తలపరాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీల అక్షరాస్యత నూటికి 59; కేరళమున 92. అయినను ఆ యేటి నమూనా నమోదు లెక్కలలో రెండు రాష్ట్రములకును సగటు సంతానము 1.8. ఆంధ్రమున అల్పవిద్యావతులు సైతము చిన్న కుటుంబమును కోరిరి. కాని సంతానము తగ్గినంత మాత్రమున ఆ తల్లికి అక్షరము రాదు. మందుసీసాపై చీటీని, బ్యాంకు కాగితమును ఆమె యింకొకరిచేత చదివించుకొనవలసినదే.

పదేండ్లలోగా పదునాలుగేండ్లలోపు బాలబాలికలందరకును ఉచిత నిర్బంధ విద్య నొసగుటకు రాజ్యము ప్రయత్నింపవలెనని మన రాజ్యాంగపు 45వ అధికరణము 1950లో ఆదేశించెను. ఆ గడువు 1960లో తీరెను. విద్య ప్రాథమిక హక్కుగా రాజ్యాంగమున చేరినది 2002లో; తత్సంబంధమైన చట్టము అమలునకు వచ్చినది 2010 ఏప్రిల్ 1న. 1960లో పదేండ్ల ప్రాయమున బడి ముఖము చూడని బాలికకు ఆనాటికి అరువదేండ్లు. ఆమెకు ఆ హక్కు అందలేదు. ఆమె జీవించియున్నంతకాలము జనాభా శాస్త్రజ్ఞులు ఆమెను ‘చదువు లేనివారు’ అను గడిలోనే వ్రాయుదురు. ఈ యేడు బడి మానిన బాలికను గూడ, మరల పిలిచి కూర్చుండబెట్టకున్నచో, 2080 నాటి పట్టికలో ఆమె మానిన తరగతియొద్దనే వ్రాయవలసి యుండును.