పొడి అక్షరం

మన పేర్ల ముందు పొడి అక్షరాలుంటాయి. చూడ్డానికి అక్షరమే. విప్పితే దాని వెనక ఓ ఇల్లూ, ఓ ఊరూ, తాతముత్తాతలూ బయటికొస్తారు. అది మారడమంటే ఏమిటో పెళ్ళయిన ఆడవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జపానులో ఒక ఫుట్‌బాల్ జట్టు పేరులోనూ అలాంటి పొడి అక్షరం ఉంది. ఆ జట్టు పేరు యొకొహామా ఎఫ్. మారినోస్. ఫుట్‌బాల్ గొడవ మనకెందుకని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో బంతి సంగతి తక్కువ, పేరు సంగతి ఎక్కువ.

యొకొహామా టోక్యో పక్కనున్న పెద్ద రేవు పట్టణం. 1993లో పది జట్లతో జె-లీగ్ మొదలైనప్పుడు ఆ ఊళ్ళో రెండు జట్లుండేవి. మొదటిది మారినోస్, అంటే నావికులు. దాన్ని పోషించింది నిస్సాన్ కార్ల కంపెనీ. రెండోది ఫ్లూగెల్స్. జర్మన్ భాషలో ‘ఫ్లూగెల్’ అంటే రెక్క. దాని వెనక ఉన్నది ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ అనే విమానాల కంపెనీ కాబట్టి రెక్క పేరు అతికినట్టు సరిపోయింది. ఒకరిది నీళ్ళ దారి, ఒకరిది గాలి దారి. అభిమానులు మాత్రం ఫ్లూగెల్స్‌ని ముద్దుగా ‘ఫురియే’ అని పిలుచుకునేవాళ్ళు.

అంతకు ముందు జపానులో పెద్ద జట్లంటే చాలావరకు కంపెనీ జట్లే. కంపెనీ పేరే జట్టు పేరు. జె-లీగ్ ఆ పద్ధతి మార్చింది. డబ్బు కంపెనీ పెట్టినా సరే, పేరు మాత్రం ఊరిదే ఉండాలి, క్లబ్బు ఊరి జనానిదే కావాలి అని లీగ్ ఛైర్మన్ కవాబుచి సబురో పట్టుబట్టారు. వినడానికి ఎంత బావుందో! కానీ ఇల్లు మన పేరున ఉండి, ఖర్చంతా మరొకరి చేతిలో ఉంటే ఆ ఇల్లు ఎవరిది?

నిజానికి ఫ్లూగెల్స్ ఇంట్లో ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆ జట్టు మూలాలు 1964లో యొకొహామాలో పుట్టిన ఒక పేట క్లబ్బులో ఉన్నాయి. తరవాత విమానాల కంపెనీ చెయ్యి పడింది. క్రమంగా క్లబ్బు తమ చేతుల్లోంచి జారిపోతోందని 1986లో ఆరుగురు ఆటగాళ్ళు అలిగి మ్యాచ్ ఆడమన్నారు. వాళ్ళ మీద నిషేధం పడింది. క్లబ్బు కంపెనీదే అయింది.

ఇక 1998కి వద్దాం. ఆసియా అంతటా ఆర్థిక మాంద్యం. ఫ్లూగెల్స్‌ను కలిసి పోషిస్తున్న సాతో కోగ్యో అనే కట్టడాల కంపెనీ అప్పుల్లో మునిగి, ఇక మా వల్ల కాదంది. విమానాల కంపెనీకి ఒంటరిగా మొయ్యాలని లేదు. అక్టోబరు 29న ప్రకటన వెలువడింది: ఫ్లూగెల్స్‌ను మారినోస్‌లో కలిపేస్తున్నాం! రెండు కంపెనీలూ వియ్యమందుకున్నాయి సరే, పిల్లనొక మాట అడిగారా? ఆటగాళ్ళనీ అడగలేదు, అభిమానులనీ అడగలేదు. అభిమానులు వీధుల్లో నిలబడి సంతకాలు సేకరించారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. నిర్ణయం మారలేదు.

అప్పుడు ఆ ఆటగాళ్ళు చేసిన పనే ఈ కథకి ప్రాణం. లీగ్‌లో మిగిలిన నాలుగు మ్యాచ్‌లూ గెలిచారు. తరవాత చక్రవర్తి కప్పు పోటీలు. 1921 నుంచీ జరుగుతున్న ఈ పోటీల్లో ఒక్కసారి ఓడితే ఇంటికే. మామూలు జట్లకి ఓడినా వచ్చే ఏడుంటుంది. వీళ్ళకి ఓడిన రోజే ఆఖరి రోజు. జట్టు ఇంకో వారం బతకాలంటే ఈ రోజు గెలవాలి. కెప్టెన్ యమగుచి మోతొహిరో, గోల్‌కీపర్ నరజాకి సెయిగో ఆ ఏడే ప్రపంచ కప్పుకి దేశం తరఫున వెళ్ళొచ్చినవాళ్ళు. శిక్షకుడు జర్మనీ వాడు గెర్ట్ ఎంగెల్స్. వీళ్ళంతా కలిసి జుబిలో ఇవాతాని ఓడించారు. కషిమా యాంట్లర్స్‌నీ ఓడించారు. ఫైనల్ 1999 జనవరి 1న, టోక్యో జాతీయ స్టేడియంలో. జపాను వాళ్ళకి అది సంవత్సరాది పండగ. షిమిజు ఎస్-పల్స్ ముందు గోల్ కొట్టింది. ఫ్లూగెల్స్ రెండు కొట్టి 2-1తో కప్పు గెలిచింది. ప్రకటన వచ్చాక ఆడిన తొమ్మిది మ్యాచ్‌లూ గెలుపే! కప్పు చేతికొచ్చింది, ఆ జట్టుకి ఇక ఆడ్డానికి మ్యాచ్ లేదు. పండగపూటే ఇల్లు ఖాళీ చేసినట్టయింది. యమగుచి, నరజాకి నగోయా వెళ్ళారు. తక్కినవాళ్ళు తలో దారీ పట్టారు.

విలీనమైన జట్టు పేరులో మారినోస్ ముందు ‘ఎఫ్’ చేర్చారు. ఫ్లూగెల్స్ జ్ఞాపకమట. పుట్టింటి గుర్తుగా ఒక పొడి అక్షరం!

ఆ అక్షరంతో సరిపెట్టుకోని అభిమానులు చాలామంది. వాళ్ళు డబ్బులు పోగుచేసి సొంత క్లబ్బు పెట్టుకున్నారు. దాని పేరు యొకొహామా ఎఫ్.సి. స్పెయిన్‌లోని బార్సెలోనా క్లబ్బులాగా, చందా కట్టిన సభ్యులే దానికి అండగా ఉండాలని వాళ్ళ కోరిక. క్లబ్బు నడిపే సంస్థ పేరులో ‘ఫురియే’ అనే ముద్దుపేరు దాచుకున్నారు. క్లబ్బు చిహ్నంలో బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షిని పెట్టుకున్నారు. 1999లో మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టి, 2001లో రెండో డివిజన్‌కీ, 2007లో మొదటి డివిజన్‌కీ చేరారు. ఆ ఏడు మార్చి 10న సొంత మైదానంలో ఎఫ్. మారినోస్‌ని 1-0తో ఓడించారు. సంవత్సరం చివర ఆఖరి స్థానంలో నిలిచి మళ్ళీ కిందికి జారారు, అది వేరే సంగతి.

అన్నీ అనుకున్నట్టు జరిగాయని మాత్రం అనుకోకండి. చందాదారులకీ, క్లబ్బు నడిపేవాళ్ళకీ ‘పెత్తనం ఎవరిది’ అంటూ పేచీలొచ్చాయి. కాలక్రమంలో ఈ క్లబ్బుకీ ఒక కంపెనీ యజమాని వచ్చింది. వంటింట్లో పొయ్యి వెలగాలంటే బియ్యం కొనాలి కదా, ఉత్త అభిమానంతో అన్నం ఉడకదు. అయినా తేడా ఒకటుంది. ఈ క్లబ్బుని ఏ కంపెనీ పుట్టించలేదు. వద్దన్నా వినకుండా జనమే పుట్టించారు.

చక్రవర్తి కప్పు విజేతల జాబితాలో ఇప్పటికీ ఫ్లూగెల్స్ పేరు పూర్తిగానే ఉంటుంది, పొట్టి చెయ్యడానికి వీల్లేకుండా. కంపెనీలు దయతలచి మిగిల్చింది ఒక్క అక్షరం. ఆటగాళ్ళు ఆడి నిలబెట్టుకున్నది నిండు పేరు.