నాలుగింటికి కుండీలు లోపలికి

మా ఇంట్లో పంచాంగం ఉండేది, గడియారం ఉండేది కాదు. రోహిణి కార్తెలో గోగు విత్తనం నేలలో పడకపోతే మా నాన్నకి అన్నం సహించేది కాదు. శ్రీకాకుళం జిల్లాలో మాది వంశధార పక్క ఊరు. పల్లంలో వరి, మెట్టలో గోగు. పప్పులో వేసుకునే గోంగూర కోసం కాదిది, నార కోసం పెంచేది. కొమ్మలు లేకుండా మనిషికి రెండింతల ఎత్తు లేస్తుంది. కోసి, కట్టలు కట్టి, చెరువులో ఊరబెట్టి, నార ఒలిచి ఆరేస్తే చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులకు పోయేది. ఊరబెట్టిన రోజుల్లో ఊరంతా కంపు. ఆ కంపు మీదే నేను చదువుకున్నాను.

ఒక ఏడాది వానలు మొరాయించి గోగు విత్తడం ఆగస్టులోకి జారింది. తర్వాత వానలకు కొదవ లేదు, నాన్న ఎరువు కూడా వేశాడు. అయినా చెట్టు నడుమెత్తు దాటకుండానే పూత పట్టేసింది. పసుపు రేకులు, నడిమధ్య ఎర్రటి మచ్చ, చూడ్డానికి అందమే. నార మాత్రం మూరెడు. షావుకారు గుప్పెడు తీసి చూసి కింద పడేశాడు. నాన్న గట్టు మీద కూర్చుని, "ఇంత పొట్టి సెట్టుకి పూతకాలమొచ్చీసిందని ఎవులు సెప్పినారే?" అని నన్నడిగాడు. నాకు తెలియదు. తర్వాత వృక్షశాస్త్రం చదివాను, ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పాను. ఆ ప్రశ్నకు జవాబున్న పాఠం పేరు ఫోటోపీరియాడిజం. ఏటా దాన్ని ఒక్కలాగే మొదలుపెట్టేదాన్ని: 1920, గార్నర్, అల్లార్డ్, పొగాకు.

అది తప్పని రిటైరయ్యే ముందు తెలిసింది. కథ పొగాకుతో కాదు, గంజాయితో మొదలవ్వాలి.

1910 ప్రాంతంలో పారిస్‌లో జూలియన్ టూర్న్వా అనే యువ శాస్త్రజ్ఞుడు గంజాయి మొక్కనీ, దాని దగ్గరి చుట్టమైన జపాన్ హాప్స్ తీగనీ పెంచుతున్నాడు. ఆయనకు మత్తుతో పని లేదు. ఈ రెండు జాతుల్లోనూ మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఏది మగ, ఏది ఆడ అన్నది ఎలా తేలుతుందో చూడాలని ఆయన తపన. (యూరప్‌లో నార కోసం పెంచిన ఈ మొక్కని మన అనువాదాల్లో జనుము అని రాసేస్తుంటారు. మన జనుము చిక్కుడు కుటుంబం. దీనికీ దానికీ బీరకాయ పీచు చుట్టరికం కూడా లేదు.) తొందరగా ఫలితం చూడాలని చలికాలం చివర్లోనే గాజు గదిలో విత్తాడు. ఎండాకాలం అంతా పెరిగి ఆ తర్వాత పూయాల్సిన మొక్కలు నాలుగాకులు వేశాయో లేదో మొగ్గ తొడిగాయి. పూలు కూడా వంకరటింకర. మా నాన్న చేలో జరిగిందే గాజు గదిలోనూ జరిగింది.

గదిలో వెచ్చగానే ఉంది, నీళ్లకు లోటు లేదు. బయటి ఎండాకాలానికీ దీనికీ తేడా వెలుగొక్కటే. పారిస్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటల పైచిలుకు, జూన్ పగలు పదహారు. టూర్న్వా కొన్ని మొక్కలకు రోజుకు ఆరు గంటలే వెలుగు చూపించి మిగతా వేళ మూసిపెట్టాడు. అవి ముందే పూశాయి. 1912లో ఆ సంగతి అచ్చేశాడు. తర్వాత రాసిన దాంట్లో ఇంకో అడుగు ముందుకు వేశాడు: పగలు కురచ కావడం కన్నా రాత్రి పొడవు కావడమే పూతకు కారణమై ఉంటుందని. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. టూర్న్వా అందులో చనిపోయాడు. ఆ మాటని పట్టుకుని ముందుకు నడిచేవాళ్లు లేకపోయారు. గంజాయి వనంలో తులసి మొక్క అంటే నాకిప్పుడు ఆయనే గుర్తొస్తాడు.

అట్లాంటిక్‌కు అవతల ఈ కథేమీ తెలియకుండానే ఇంకొకటి నడుస్తోంది. మేరీలాండ్ పొగాకు చేలల్లో 1906 ప్రాంతంలో ఒక వింత రకం బయటపడింది. ఆకులు వేస్తూనే ఉంటుంది, పదడుగులు దాటిపోతుంది, పూత మాత్రం రాదు. రైతుకు అంతకన్నా ఏం కావాలి? కానీ పూయని చెట్టుకు విత్తనం ఎక్కడిది? మంచు పడితే చచ్చిపోతుంది. అందుకని శరదృతువులో చెట్లను పెళ్లగించి వాషింగ్టన్ గాజు గదుల్లోకి తెచ్చారు. ఎండాకాలమంతా మొండికేసిన చెట్టు చలికాలంలో లోపల నిక్షేపంగా పూసి కాయ కాసింది. దాని పేరు మేరీలాండ్ మామత్.

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే డబ్ల్యూ. డబ్ల్యూ. గార్నర్, హెచ్. ఎ. అల్లార్డ్ వాషింగ్టన్ పక్కనే ఆర్లింగ్టన్ క్షేత్రంలో దీని వెనక పడ్డారు. ఎరువు మార్చారు, వేడి మార్చారు, తడి మార్చారు. చివరికి మిగిలింది పగటి పొడవు. అది వాళ్లకే నమ్మబుద్ధి కాలేదేమో గానీ 1918 జూలైలో కుక్కల గూడు లాంటి చిన్న చీకటి కొట్టు కట్టారు. సోయా చిక్కుడు ఉన్న పెట్టె, కొన్ని మామత్ పొగాకు మొక్కలు. సాయంత్రం నాలుగింటికి లోపలికి, పొద్దున తొమ్మిదింటికి బయటికి. అంటే రోజుకు ఏడు గంటల వెలుగు. చీకటి చూసిన మామత్ పూసింది. పక్కనే ఆరుబయట ఉన్న దాని తోబుట్టువులు ఆకులే వేసుకుంటూ నిలబడ్డాయి. తర్వాత పెద్ద చీకటి ఇళ్లు కట్టి, మొక్కల బళ్లను పట్టాల మీద నెట్టేవాళ్లు. 1920లో వ్యాసం వచ్చింది. విత్తనం సంగతి కూడా తేలిపోయింది: చలికాలంలో మంచు పడని దక్షిణ ఫ్లోరిడాలో పండించుకోవచ్చు.

ఇదంతా పిల్లలకు బోర్డు మీద చెప్పి చెప్పి విసుగొచ్చి ఒక ఏడాది గోగుతో చేసి చూద్దామనుకున్నాను. మేలో కుండీల్లో విత్తి, జూన్‌లో కాలేజీ తెరిచాక మొదలుపెట్టాం. నాలుగు గంటలకు అటెండరూ ఇద్దరు పిల్లలూ ఆరు కుండీలను సామాన్ల గదిలో పెట్టాలి, పొద్దున తొమ్మిదికి వరండాలోకి తేవాలి. ఆదివారాలు నేనే వెళ్లేదాన్ని. జూలై గడిచింది, ఆగస్టు సగమైంది. మొగ్గ జాడ లేదు. బయట కుండీలూ లోపలి కుండీలూ ఒకేలా ఉన్నాయి. పిల్లలు నా మొహం చూడకుండా నవ్వుకుంటున్నారు. మన దగ్గర జూన్ పగలు పదమూడు గంటల పైచిలుకు, డిసెంబరులో పదకొండు. రెండు గంటల తేడాకే మా నాన్న చేను మోసపోయిందే, రోజుకు ఆరు గంటలు కోసేస్తే ఎందుకు పూయదు?

సంగతి ఒకరోజు రాత్రి పనిపడి వెళ్తే తెలిసింది. కాపలా మనిషి సైకిల్ ఆ గదిలోనే పెట్టుకుంటాడు. పన్నెండింటికి గస్తీకి బయల్దేరేటప్పుడు బల్బు వేసి, సైకిల్ తీసుకుని, కాసేపయ్యాక ఆర్పుతాడు. పాపం, మొక్కలు కూడా చీకట్లో భయపడతాయేమోనని ఒక్కోసారి ఆర్పేవాడు కూడా కాదట.

నాకు కోపం రాలేదు. ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం అప్పుడు కళ్లకు కట్టింది. 1938లో హామ్నర్, బానర్ అనే ఇద్దరు మరులమాతంగి మొక్కలతో అచ్చం ఇదే చూశారు. పొడవాటి రాత్రి నడిమధ్యన కాసింత దీపం చూపిస్తే ఆ రాత్రి చెల్లదు. పగటి మధ్యలో చీకటి చేస్తే మాత్రం మొక్క పట్టించుకోదు. లెక్క చీకటిదే, అదీ తెగకుండా సాగిన చీకటిది. టూర్న్వా అనుమానం నిజమైంది, అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. మరుసటి ఏడు బల్బు తీసేయించాను. సైకిల్‌కు వేరే చోటు చూపించాను. జూలై చివర్లో లోపలి ఆరు కుండీలూ పూశాయి. మోకాలెత్తు కూడా లేవు. వాటిని చూస్తూ నాన్న ప్రశ్నకు జవాబు పైకే చెప్పుకున్నాను.

గంజాయి, గోగు ఆకులకు పోలిక ఉంది. నార గోగుకు లాటిన్ పేరే హైబిస్కస్ కెన్నాబినస్, గంజాయి లాంటిదని. రెండూ రాత్రిని లెక్కపెట్టే జాతే. మన దేశంలో 1985 మాదక ద్రవ్యాల చట్టం తర్వాత గంజాయి మాట వస్తే పోలీసులు, విశాఖ మన్యం, 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో కొట్టేసిన తోటలు గుర్తొస్తాయి. 2018లో అది చట్టబద్ధమైన కెనడా లాంటి చోట్ల మాత్రం దీపాల కింద పెంచేవాళ్లు రోజూ మాట్లాడుకునేది టూర్న్వా పాఠమే. గదిలో పద్దెనిమిది గంటల వెలుగుకు అలవాటైన మొక్కని వసంతం మొదట్లో ఆరుబయట నాటితే, అప్పటికి రాత్రులింకా పొడవే గనక పూతకాలం వచ్చేసిందనుకుని చిన్నతనంలోనే మొగ్గ తొడుగుతుంది. పగళ్లు సాగాక మళ్లీ ఆకులకు దిగుతుంది. ఆ పెంపకందార్లలో పారిస్ గాజు గది గురించి విన్నవాళ్లు ఎందరున్నారో. చామంతిని నల్లగుడ్డ కప్పి ముందుగా పూయించేవాళ్లూ, బల్బులు వెలిగించి పూత ఆపేవాళ్లూ చేసేది కూడా అదే పని. డ్రాగన్ ఫ్రూట్ దీనికి తిరగేసిన రకం, రాత్రి కురచైతేనే పూస్తుంది. మన వైపు కూడా చలికాలం రాత్రుళ్లు ఆ తోటల్లో దీపాలు వరసగా వెలుగుతుంటే జాతరేమో అనుకుంటారు తెలియనివాళ్లు.

మా తమ్ముడు ఇంకా గోగు వేస్తున్నాడు, నాన్న వేసినంత కాదు, ముప్పావు ఎకరం. రోడ్డు వారగా కొత్త ఎల్‌ఈడీ స్తంభం వచ్చింది. నిరుడు అక్టోబరులో ఫోన్ చేశాడు. "అక్కా, సేనంతా పూసింది. స్తంభం కింద గుండ్రంగా ఓ గుంటెడు మాత్రం పుయ్యలేదు. యూరియా ఎక్కువయ్యిందేటి?" వెళ్లి చూశాను. గిరి గీసినట్టుంది: బయట పసుపు పూలు, లోపల పచ్చటి ఆకు. చెప్పాను. నమ్మినట్టు లేదు గానీ ఆ గుంటెడు కోయకుండా రెండు వారాలు వదిలేశాడు. కొలిస్తే మిగతా చెట్ల కన్నా మూరెడు ఎక్కువ వచ్చాయి. ఈ ఏడు వానలు ఆలస్యమైతే ముందుగా ఆ స్తంభం కిందే విత్తుతానంటున్నాడు.