వేదికతో పాటే సాగే అక్షరాలు

ప్రదర్శన జరుగుతుండగానే దాని వివరాన్ని ప్రేక్షకుడి చేతికి అందించే ప్రయత్నం ఫోన్ల కంటే చాలా పాతది. 18వ శతాబ్దంలో సంగీతకర్త హాండెల్ ఇటాలియన్ ఒపెరాలు చూడడానికి వెళ్లే లండన్‌వాసులు ఇటాలియన్ పాఠమూ ఇంగ్లీషు అనువాదమూ పక్కపక్కన అచ్చేసిన చిన్న పుస్తకాలు కొనుక్కునేవారు. హాలులో దీపాలు వెలుగుతూనే ఉండేవి కాబట్టి పాట వింటూ అర్థం చదువుకోగలిగేవారు. 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త వాగ్నర్ తన కొత్త నాటకశాలను ప్రదర్శన వేళ చీకటి చేశాడు. ఆ పద్ధతి క్రమంగా మిగతా చోట్లకూ పాకింది. ప్రేక్షకుల చూపు వేదిక మీద నిలిచింది గానీ చేతిలోని పుస్తకం అక్కరకు రాకుండా పోయింది. చీకట్లో, పక్కవారికి ఇబ్బంది కలగకుండా, సరిగ్గా అవసరమైన క్షణంలో సమాచారం ఎలా ఇవ్వాలన్న ప్రశ్న అక్కడే మొదలైంది.

దీనికి తొలి జవాబు నాటకరంగం నుంచి కాక సభల నుంచి వచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1920లలోనే జెనీవాలో హెడ్‌ఫోన్ల ద్వారా తక్షణ అనువాదాన్ని ప్రయోగించి చూసింది. నాజీ నాయకులపై 1945లో మొదలైన న్యూరెంబర్గ్ విచారణ దాని శక్తిని లోకానికి చూపింది. ఐబీఎం అమర్చిన పరికరాల ద్వారా ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల్లో ఎవరికి కావలసినది వారు మీట తిప్పి వినగలిగారు. భారతదేశంలో లోక్‌సభ 1964లో తక్షణ అనువాదాన్ని ప్రవేశపెట్టింది. ఈ ఏర్పాట్లలో వేగాన్ని సరిచూసే యంత్రమంటూ ఏదీ లేదు. వక్త మాట వింటూ వెంటనే పలికే అనువాదకుడే ఆ పని చేసేవాడు.

రంగస్థలంలో మలుపు 1983 జనవరిలో వచ్చింది. టొరంటోలో కెనడియన్ ఒపెరా కంపెనీ రిచర్డ్ స్ట్రాస్ ‘ఎలెక్ట్రా’ను ప్రదర్శిస్తూ వేదిక పైభాగాన అనువాద పంక్తులను తెర మీద చూపింది. సినిమా కింద కనిపించే సబ్‌టైటిళ్లకు ఇది రంగస్థల రూపం. శ్రోతలు ఆదరించారు, విమర్శకుల్లో కొందరు దృష్టి చెదురుతుందని తప్పుబట్టారు. న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ ఒపెరా చాలాకాలం దీన్ని దూరంగానే ఉంచింది. చివరికి 1995లో అది మరో దారి పట్టి, ప్రతి ప్రేక్షకుడికీ ముందు సీటు వెనుక ఒక చిన్న తెర బిగించింది. పక్కవారి కంట పడకుండా తెర మీద వడపోత పొర ఉంటుంది. వద్దనుకున్నవారు దాన్ని ఆపేసుకోవచ్చు. అందరికీ ఒకే తెర అన్న పద్ధతి పక్కనే, ఎవరి తెర వారిది అన్న పద్ధతీ స్థిరపడింది ఇక్కడే.

తర్వాతి మెట్టు చేతిలో పట్టే పరికరం. కాన్సాస్ సిటీ సింఫనీ నిర్వాహకుడిగా పనిచేసిన రోలాండ్ వలియేర్ రూపొందించిన ‘కాన్సర్ట్ కంపానియన్’ను 2004లో న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ కచేరీల్లో పరీక్షించారు. అరచేతి కంప్యూటర్ మీద, సంగీతం సాగే కొద్దీ, ఇప్పుడు ఏ ఘట్టం నడుస్తోందో, ఏ వాద్యం ముందుకు వస్తోందో చెప్పే వాక్యాలు కనిపించేవి. స్వరపత్రం చూస్తూ ఒక వ్యక్తి బటన్ నొక్కితే అన్ని పరికరాల్లోనూ పేజీ మారేది. ఆసక్తి రేపినా ఈ ప్రయోగం నిలదొక్కుకోలేదు.

బటన్ నొక్కే పనిని యంత్రానికి అప్పగించే పరిశోధన అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. 1984లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ కంప్యూటర్ సంగీత సదస్సులో పరిశోధకులు రోజర్ డానెన్‌బర్గ్, బ్యారీ వెర్కో ఎవరికి వారు ఒకే ఆలోచనను ముందుంచారు: వాయిస్తున్న సంగీతాన్ని కంప్యూటర్ విని, స్వరపత్రంలో అది ఏ చోట ఉందో గుర్తించాలి. ఇది తేలిక కాదు. ఒకే కృతిని ఒక కండక్టర్ నెమ్మదిగా, మరొకరు వేగంగా నడిపిస్తారు. మధ్యలో విరామాలు సాగుతాయి, వాద్యాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ముందుగా రికార్డు చేసిన ప్రదర్శనను నమూనాగా తీసుకుని, ప్రస్తుత ధ్వనిని దానితో సాగదీస్తూ, కుదిస్తూ పోల్చే పద్ధతులు వచ్చాయి. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా, డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం కలిసి తయారు చేసిన ‘లైవ్‌నోట్’ యాప్ ఈ దారిలోనే 2014లో శ్రోతల ఫోన్లకు చేరింది. వెలుతురు ఇతరులను ఇబ్బంది పెట్టకుండా నల్లని తెర మీద మసక అక్షరాలు వాడారు. 2015 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డాం కాన్సర్ట్‌ఖెబౌలో స్ట్రాస్ ‘ఆల్పైన్ సింఫనీ’ని కూడా ఇలాగే యంత్రం అనుసరించింది.

ఈ పద్ధతి వల్ల ఎక్కువ మేలు పొందింది వినికిడి లోపం ఉన్నవారు. 2018లో లండన్‌లోని నేషనల్ థియేటర్ వారికి ప్రత్యేకమైన కళ్లద్దాలు ఇవ్వడం మొదలుపెట్టింది. నటుల మాటలను, దీపాల, శబ్దాల సంకేతాలను సాఫ్ట్‌వేర్ అనుసరిస్తుంటే సంభాషణ అక్షరాలై అద్దాల మీద కనిపిస్తుంది. నటుడిని, మాటను ఒకే చూపులో అందుకోవడం దీనితో వీలైంది.

ఇంకో పాయలో ప్రేక్షకుల పరికరాలే ప్రదర్శనలో భాగమయ్యాయి. 2001లో ఆస్ట్రియాలోని లింజ్‌లో కళాకారుడు గోలన్ లెవిన్ బృందం 200 మంది ప్రేక్షకుల ఫోన్లను కంప్యూటర్‌తో మోగించి కచేరీ చేసింది. 2012లో కోల్డ్‌ప్లే బృందం రేడియో సంకేతాలతో వెలిగే చేతి పట్టీలను పర్యటన పొడవునా పంచింది. అదే ఏడాది లండన్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో సీట్ల దగ్గర అమర్చిన దాదాపు 70 వేల దీపఫలకాలు స్టేడియాన్ని ఒక పెద్ద బొమ్మల తెరగా మార్చాయి. ఇంతమందికి ఒకేసారి సంకేతం చేర్చడంలో ఒక చిక్కుంది: వేలమంది ఒకేసారి ఇంటర్నెట్‌ను ఆశ్రయిస్తే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. రేడియో, పరారుణ సంకేతాలు మాత్రం ఎందరికైనా ఒకేసారి చేరతాయి. ఫోన్ యాప్‌లలో సమాచారాన్ని ముందే నింపి, ప్రదర్శన వేళ పేజీ సంఖ్యను మాత్రమే పంపడం ఈ చిక్కుకు మరో పరిష్కారం.

సినిమాహాలులో పని సులువు, ఎందుకంటే ఏ ఆటలోనైనా సినిమా నడక మారదు. ఫోన్ కొన్ని క్షణాలు ధ్వనిని విని, కథ ఏ చోట ఉందో పసిగట్టి, ముందే దింపుకున్న మరో భాష సంభాషణను అక్కడి నుంచి వినిపిస్తుంది. 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ను తమకు నచ్చిన భాషలో వినే వీలును ‘సినీడబ్స్’ యాప్ ఇలాగే ప్రకటించింది. అదే ఏడాది మార్చిలో, దృష్టి, వినికిడి లోపాలు ఉన్నవారికి సినిమాహాళ్లలో కల్పించాల్సిన సదుపాయాలపై కేంద్ర సమాచార, ప్రసార శాఖ మార్గదర్శకాలు విడుదల చేసింది.

సమాచారాన్ని పంపడంలోని చిక్కులు చాలావరకు తీరాయి. ప్రదర్శన ఈ క్షణంలో ఎక్కడ ఉందో తెలుసుకోవడమే ఇప్పటికీ కష్టమైన భాగం. గాయకుడు ఒక పంక్తి దాటేయవచ్చు, నటుడు మాట మరచిపోవచ్చు, చప్పట్లు అనుకున్నదానికంటే ఎక్కువసేపు సాగవచ్చు. అందుకే ఒపెరాశాలల్లో నేటికీ స్వరపత్రం చదవగలిగిన మనిషే కూర్చుని, ఒక్కొక్క పంక్తినీ చేత్తో విడుదల చేస్తున్నాడు.