నీలిపంటి రాజు పేర తీగలేని పొత్తు



హైదరాబాదు నుండి విజయవాడకు బోవు రాజబాటపై నున్న అబ్దుల్లాపూర్‌మెట్ ప్రాంతమున భూమి విలువ మిగుల హెచ్చినది. పట్టాదారు పాసుపుస్తకపు నకలు నేడు పెక్కుర సెల్‌ఫోనులలో ఛాయాచిత్రమై యున్నది. దానిని ల్యాప్‌టాప్‌లోనికి బంపవలసినచో మనుమడు తీగకై వెదకడు. రెండు యంత్రములందును బ్లూటూత్ తెఱచి, రెంటిని గలుపును. బ్లూటూత్ అనగా నీలిపన్ను. యంత్రమునకు బంటితో నేమి పని?

పదవ శతాబ్దమున డెన్మార్కు నేలిన హరాల్డు రాజునకు నీలిపన్ను అను మాఱుపేరు గలదు. డెన్మార్కును, నార్వేను తాను గెలిచినట్లు ఆతడు జెల్లింగ్ గ్రామమున ఱాతిపై జెక్కించెను. ఆ శిల నేటికిని నిలిచియున్నది. మన శాసనములందువలెనే యందును గొంత గొప్ప చెప్పుకొనుట యుండవచ్చును.

1994లో స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థ తీగలేని యీ పొత్తునకు బూనుకొనెను. యాప్ హార్ట్‌సెన్ అను డచ్చి యింజనీరు ఇందు ముఖ్యుడు. కాని యే సంస్థ యంత్రమునకు దాని భాషయే యున్నచో నవి యొండొంటితో మాటాడు టెట్లు? కావున 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కూటమి కట్టినవి. జనుల నేకము జేసిన రాజు పేరును అంతకు ముందేడే ఇంటెల్‌లోని జిమ్ కార్డాక్ తాత్కాలికముగా సూచించియుండెను. వేఱు పేరు కుదురకపోగా నదియే నిలిచెను. దాని గుర్తు సైతము ఆ రాజు పేరి తొలి యక్షరములను ప్రాచీన రూనిక్ లిపిలో గలిపి వ్రాసినదే.

తీగలేని వార్త మన దేశమునకు గ్రొత్త గాదు. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో నదృశ్య తరంగములతో దూరమున గంట మ్రోగించెను, తుపాకిమందు ప్రేల్చెను. 1935 నుండి నైజాము ప్రభుత్వము దక్కను రేడియోను నడపెను. అయితే రేడియో ఊరంతకు వేయు దండోరా. బ్లూటూత్ చెవిలో జెప్పు మాట. సామాన్యముగా పది మీటర్లు దాటదు. సెకనునకు సుమారు 240 కోట్ల కంపనములు గల తరంగములపై 79 త్రోవలుండగా, సెకనునకు 1600 మాఱులు త్రోవ మార్చుచు బోవును. అందుచే నొక త్రోవలో నలజడి యున్నను వార్త చెడదు. ఈ తరంగములను స్వల్పశక్తితో అనుమతిపత్రము లేకయే వాడుకొనుటకు భారత ప్రభుత్వము 2005లో నొప్పుకొనెను. ఇంట రేడియోపెట్టె యుంచుటకే లైసెన్సు రుసుము గట్టిన తరము వారికిది వింతయే!

2007లో వచ్చిన మార్పుతో, కలుపునప్పుడు రెండు తెరలపైనను ఆఱంకెల సంఖ్య కనబడును. రెండును ఒకటియైననే సమ్మతింపవలెను. పాసుపుస్తకపు నకలున్న ఫోనుతో బేరెఱుగని యంత్రము పొత్తు కోరినచో, మనుమడు తొందరపడినను, తాత గారు తిరస్కరింప జెప్పవలెను.